పన్నెండో కొక్కెం

ఆ వంటగది గోడ పొడుగునా ఇనుప కొక్కేలు.
ఒక్కో రోగికి ఒక్కో కొక్కెం, ఒక్కో గిన్నె.
పన్నెండోది మా ముత్తాత చెల్లెలు గూరోది.
ఇప్పుడది మ్యూజియం.
టికెట్టు కొనుక్కుని
మా ఇంటిమనిషిని చూడ్డానికి వెళ్ళాను.

ఇంట్లో ఆమె పేరెత్తేవాళ్ళు కారు.
కుటుంబ బైబిలు మొదటి పేజీలో, పుట్టినవాళ్ళ వరసలో
ఆరో పేరుని ఎవరో కత్తిమొనతో గీకేశారు,
కాగితం పలచనై అవతలి అక్షరాలు కనపడేంతగా.
మా నాన్నమ్మ ఆ జబ్బుని కూడా పేరుతో పిలవలేదు.
"పెద్దది" అనేది.
అని, తలుపు వేసుందో లేదో చూసేది.

పంతొమ్మిదో ఏట గూరో కనుబొమలు రాలాయి.
పొయ్యి మీంచి జారుతున్న పాలకుండని
వట్టి చేత్తో పట్టుకుంది,
నొప్పేమీ లేదని నవ్వింది.
ఆ నవ్వుకే వాళ్ళమ్మ ఏడ్చింది.

ముందు తరం పాపం అంది, వేలు చూపించి.
తర్వాతి తరం పాపం అంది, నాలుక చప్పరించి.
మాట ఒకటే.
ఫ్యోర్డు నీళ్ళ మీద పడవ వెళ్ళిందీ ఒక వైపుకే.

పాస్టరు, దేవుడి శిక్ష అన్నాడు.
జిల్లా డాక్టరు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని
కుళ్ళిన హెర్రింగు చేపలు, చెమ్మ గోడలు అన్నాడు.
రాజధాని నుంచి దిగినాయన
నెత్తుట్లో ఉంది, వంశంలో ఉంది అని రాసుకుపోయాడు.
ఆ రాత పుణ్యమా అని మా ముత్తాతకి
పదకొండేళ్ళు పిల్లనిచ్చినవాళ్ళు లేరు.

అయినా, ఆ రోజుల్లోనే,
వాళ్ళ వంశానిదేగా, మనకేం కాదుగా అనుకుని
శనివారం సంతలో గూరోని కూర్చోనిచ్చేవాళ్ళు.
మిగిలిన నాలుగు వేళ్ళతో అల్లిన మేజోళ్ళు.
మడమ దగ్గర రెండు వరసలు ఎక్కువ వేసేదట,
మంచులో నడిచేవాళ్ళకని.
జనం గీచిగీచి బేరమాడేవాళ్ళు.
చిల్లర ఆమె అరచేతిలోనే పెట్టేవాళ్ళు.

తర్వాత ఎవరో భూతద్దం కింద చూశారు:
సన్నటి పుల్లల్లాంటి ప్రాణులు, గుంపులు గుంపులుగా.
నిజమే కనుక్కున్నారు.
ఆ నిజం మా ఊరు చేరిన వారం
ఒక్క జత అమ్ముడుపోలేదు.
ఆ వెనకే చట్టం, చట్టం వెనకే గేటుకి తాళం.
తెలిసేకొద్దీ దయ పెరుగుతుందనుకుంటాం.
తెలిసింది.
చేతులు వెనక్కి వెళ్ళాయి.

మందు కూడా వచ్చింది చివరికి,
గూరో పోయిన ముప్పై ఏళ్ళకి.
చిన్న మాత్ర. కందిగింజంత.

నేను నలభై ఏళ్ళు నర్సుని.
ఇదంతా పాతకాలపు అజ్ఞానం అని
ట్రైనింగు పిల్లలకి పాఠం చెప్పినదాన్ని.
ఎనభై అయిదు, నవంబరు. వార్డు చివరి గది.
స్వైనుంగ్, ఓడలో వంటవాడు, ఇరవై ఏడేళ్ళు.
ఆ కొత్త జబ్బుని మేమూ పేరుతో పిలవలేదు.
"అది" అనేవాళ్ళం.
రెండు జతల గ్లవ్స్ తొడుక్కుని
సూపు గిన్నె గడప దగ్గర పెట్టి
కాలితో లోపలికి నెట్టాను.

గిన్నెల వల్ల అంటదని సర్క్యులర్ వచ్చింది.
చదివి సంతకం పెట్టాను.
సంతకం పెట్టాకే నెట్టాను.

అతను తిట్టలేదు. వంటవాడు కదా,
"నిన్నటి సూపులో ఉప్పు తగ్గింది సిస్టర్" అన్నాడు.
నేను తలుపు బయట నించునే
చెబుతానన్నాను, వంటవాళ్ళకి.
చెప్పలేదు.

ఇవాళ గైడు కుర్రాడు
"ఆ కాలం మనుషులు..." అని మొదలుపెట్టాడు.
అందరూ తలలూపారు. నేనూ ఊపబోయి ఆగాను.
కొక్కేలు ముట్టుకోరాదని బోర్డు ఉంది.
గుంపు పక్కగదిలోకి వెళ్ళేదాకా ఉండి
చేతికున్న ఉన్ని గ్లవ్ తీసి
పన్నెండోదాన్ని పట్టుకున్నాను.

చల్లగా ఉంది.
వేలికి కాస్త తుప్పు అంటింది.